సిగ్నలు రాయి

మా ఇంటి ఫోను బిల్లు అడుగున, పన్నుల వరసలో, ఒక చిన్న పద్దు ఉంటుంది. దాని పేరు యూనివర్సల్ సర్వీస్ చార్జి. నేను ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చిన కొత్తలో, అంటే 2001లో, డాలరుని నలభై ఏడుతో హెచ్చవేసుకుని గానీ కాఫీ తాగని రోజుల్లో, ఆ పద్దు చూసి ఒళ్ళు మండి కంపెనీకి ఫోను చేశాను. అవతలి ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. ఊళ్ళకి దూరంగా, కొండల్లో, ఎడార్లలో ఉండేవాళ్ళకి ఫోను ఇవ్వడం కంపెనీలకి గిట్టదు, అందుకని అందరి దగ్గరా కొంచెం కొంచెం తీసుకుని ఆ ఖర్చు భరిస్తారు అని. "ఎవడో కొండమీద కాపురం పెడితే నేనెందుకు కట్టాలి?" అని రూమ్మేట్ల దగ్గర విసుక్కున్నాను.

అలా విసుక్కున్నవాడిది నర్సీపట్నం. మా మేడ ఎక్కితే కొండలు కనిపిస్తాయి. ఆ కొండల మీద, చింతపల్లి దాటి గూడెం కొత్తవీధి వెళ్ళే దారిలో, ఒక ఆశ్రమ పాఠశాలలో మా చిన్నాన్న మేష్టారు. ఆయనకి ఉత్తరం రాస్తే చేరడానికి అయిదు రోజులు పట్టేది. వానాకాలమైతే లెక్క లేదు.

నేను చరిత్రకారుణ్ణి కాను. వర్జీనియాలో కూర్చుని కంపెనీలకి ప్రోగ్రాములు రాసిపెట్టి బతికే కన్సల్టెంటుని. అయినా ఆ కొండలకి ఫోను ఎలా ఎక్కిందన్న సంగతి నాకు పదిహేనేళ్ళుగా బుర్రలో తిరుగుతోంది. అందులో నా వృత్తికీ కొంత వాటా ఉంది. అది తరవాత చెబుతాను.

ముందు దారి సంగతి. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఘాట్ రోడ్డు మీద ఇప్పుడు చలికాలంలో కార్లు బారులు తీరుతున్నాయి, మంచు చూడ్డానికి. ఆ రోడ్డు వేసింది మంచు చూడ్డానికి కాదు. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ కొండ జనాన్ని వంచి, సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. 1922లో మొదలైన అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి అడవి చట్టాలతో బాటు ఆ రోడ్డు పని కూడా ఒక కారణం. ఆ ఏడు ఆగస్టు 22న ఆయన మనుషులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. వస్తున్నామని ముందే మిరపకాయ టపా పంపేవారని మా వైపు పిల్లలందరికీ తెలుసు. ఉత్తరానికి మిరపకాయ కట్టి పంపితే అది చాలా అర్జెంటని అర్థంట. నా చిన్నప్పుడు చిన్నాన్న నవ్వుతూ అనేవారు, "ఆ టపాయే నయంరా, పోలీసులకి టైముకి చేరింది. నేను ఇంక్రిమెంటు కోసం పెట్టిన కాగితం ఇప్పటికీ చేరలేదు" అని.

ఆ రోడ్డు ఎవరి అవసరానికి పడిందో గుర్తు పెట్టుకోండి. టవర్ల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

నర్సీపట్నంలో మా తరం ఫోనంటే ఎస్‌టీడీ బూతు. రాత్రి పదకొండు దాటితే పావు రేటు, అంచేత పదింబావుకే క్యూ. కొండమీద అదీ లేదు. 1984లో పుట్టిన సీ-డాట్ సంస్థ మన ఎండకీ దుమ్ముకీ తట్టుకునే చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీలు తయారు చేసింది గానీ, అవి రోడ్డూ కరెంటూ ఉన్న పల్లెలకి సరిపోయాయి. తీగ లాగడం కుదరని ఊళ్ళకి 1990ల్లో మార్ అనే రేడియో పద్ధతిలో పంచాయతీ ఫోన్లు పెట్టారు. స్తంభం మీద ఏంటెనా, కింద బ్యాటరీ, లోపల నల్ల ఫోను. చిన్నాన్న స్కూలుకి రెండు మైళ్ళలో ఒకటి ఉండేదట. ఆయన ఎరిగి అది మోగింది రెండుసార్లు. ఇది మా కొండల గోలే కాదు. దేశమంతటా ఈ మార్ ఫోన్లు ఎంత ఘోరంగా చెడిపోయాయంటే, చివరికి లక్షా ఎనభై వేలకు పైగా ఫోన్లని పీకి వేరే పద్ధతిలో మార్చవలసి వచ్చింది. కానీ ప్రభుత్వ పటంలో ఆ ఊరు ఎప్పుడో 'టెలిఫోను సౌకర్యం కల గ్రామం' అయిపోయింది. పటంలో ఒకసారి రంగు పడితే మళ్ళీ చెరగదు కదా.

సెల్ ఫోను కథ మీ అందరికీ తెలిసిందే. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలో సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో మాట్లాడినందుకూ డబ్బే, వచ్చిన కాలు ఎత్తినందుకూ డబ్బే. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ సెల్ సర్వీసు మొదలుపెట్టింది. 2003 మే నుంచి ఇన్‌కమింగు ఉచితమైంది. మన దేశంలో సామాన్యుడికి సెల్ ఫోను వచ్చింది నిజానికి ఆ రోజునే అంటాను నేను. మా నాన్నగారు ఆ ఏడు చివర్లో ఒక నోకియా కొన్నారు. చిన్నాన్న కూడా కొన్నారు. కొండమీద సిగ్నలు లేదు కదా చిన్నాన్నా, ఎందుకూ అంటే, "రాయి ఉంది" అన్నారు.

ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒకచోట, లోయ వైపుకి పొడుచుకొచ్చిన బండ ఉండేది. దాని మీద నించుంటే కింద నర్సీపట్నం దీపాలు కనిపిస్తాయి. దీపాలు కనిపిస్తే సిగ్నలూ అందుతుంది. ఇందులో మహిమ లేదు. జీఎస్ఎం పద్ధతిలో టవరుకీ ఫోనుకీ మధ్య అడ్డు లేకపోతే ముప్ఫై అయిదు కిలోమీటర్ల దాకా మాట పోతుంది. మధ్యలో కొండ వస్తే రెండు కిలోమీటర్లు కూడా పోదు. ఎండకి ఉన్నట్టే సిగ్నలుకీ నీడ ఉంటుంది. మా చిన్నాన్న, ఆయనలాంటి మేష్టర్లు, నర్సులు, సంతకి దిగే వ్యాపారులు, అందరూ ఆ రాతి దగ్గర బళ్ళు ఆపేవారు. ఆదివారం సాయంత్రం ఆయన రాతిమీద నించుంటే, నాకు అదే ఆదివారం పొద్దుట. పది డాలర్ల కాలింగు కార్డు గీకి ఆయనతో మాట్లాడేవాణ్ణి. గాలి హోరులో సగం వినపడేది కాదు.

2007 వానాకాలంలో ఒక ఆదివారం ఆయన రాలేదు. పై వారం వచ్చారు. హాస్టల్లో మూడో తరగతి పిల్లకి జ్వరం, వణుకు, రెండో రోజు రాత్రికి స్పృహ తప్పింది. మలేరియా అక్కడ ప్రతి వానాకాలం ఉన్నదే. 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలయ్యాయి, మూడంకెలు నొక్కితే బండి వస్తుందని ఆయనకి తెలుసు. ఆ మూడంకెలు నొక్కడానికి వానలో, చీకట్లో, మోటారు సైకిలు మీద రాతి దాకా రావాలి. వచ్చారు. ఫోను కలిసింది. బండి ఘాట్ ఎక్కి, రోడ్డు ఆగిపోయిన చోట ఆగింది. అక్కడి దాకా పిల్లని డోలీలో మోసుకొచ్చారు. చింతపల్లి చేరకముందే పిల్ల పోయింది.

"ఫోను దగ్గరుంటే బతికేదా?" అని అడిగాను. అడగకూడని ప్రశ్న.

"ఏమో నాయనా. డాక్టరు కాదు నేను. మూడు గంటలు మాత్రం మిగిలేవి," అన్నారు.

ఆ వేళప్పుడే నా బిల్లులో పద్దు గుర్తొచ్చింది. మన దగ్గర ఇలాంటిది లేదా అని వెతికాను. ఉంది. 2002 నుంచి టెలిఫోను కంపెనీల సవరించిన ఆదాయంలో 5 శాతం అప్పట్లో యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ అనే నిధికి పోతూ ఉండేది. అంటే నర్సీపట్నంలో మా నాన్నగారి రీఛార్జిలోంచి కూడా కొంత ఆ కొండల పేరు మీద కట్టినట్టే. అమెరికా ఈ ఆలోచన ముందు చేసింది. పల్లెలకి ఫోను తీగలు వేసే సహకార సంఘాలకి చవక వడ్డీ అప్పులు 1949లో, ఇప్పటి నిధి 1996 చట్టంలో వచ్చాయి. మన నిధిలో డబ్బు వసూలైనంత వేగంగా ఖర్చు కాలేదు. వేల కోట్లు ఏళ్ళ తరబడి మిగిలిపోయాయి.

ఆ డబ్బు మా కొండలకి రావడానికి మలేరియా సరిపోలేదు. మావోయిస్టులు కావలసి వచ్చారు.

ఇది కోపంతో అన్నమాట కాదు, కాగితాల మీద ఉన్న సంగతి. 2008 తరవాతి ఏళ్ళలో అనేక రాష్ట్రాల్లో మావోయిస్టులు సెల్ టవర్లని తగలబెట్టారు, పేల్చేశారు. ఫోను ఉంటే తమ కదలికలు పోలీసులకి చేరతాయని వాళ్ళ భయం. సరిగ్గా అందుకే టవర్లు కావాలని ప్రభుత్వానికి పట్టుదల. 2014 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం తీవ్రవాద ప్రాంతాల కోసం 2,199 టవర్లకి అనుమతి ఇచ్చింది. ఎక్కడ పెట్టాలో గుర్తించింది హోం శాఖ. ఆస్పత్రి దూరమో, బడి దూరమో చూసి కాదు. నిర్మించింది బీఎస్ఎన్ఎల్. కడకి ఆ దశలో 2,343 టవర్లు నిలబడ్డాయి. బాస్టియన్ రోడ్డు గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. రోడ్డు మీద సర్కారు ముందు నడిచింది, జనం తరవాత నడిచారు. అయినా నడిచారు. టవరూ అంతే. ఎవరి కోసం కట్టినా, కింద నించున్నవాడికి అందుతుంది.

అందింది ఏమిటంటే, మాట. ఆ టవర్లు 2జీ. కరెంటు సరిగ్గా లేని చోట్లకని సోలారు పలకల మీద నడిచేలా తయారు చేసినవి. చాలా వాటికి కింది ప్రపంచంతో లంకె ఉపగ్రహం. మాట ముప్ఫై ఆరు వేల కిలోమీటర్లు పైకి పోయి మళ్ళీ కిందికి రావాలి. "ఎలా ఉన్నావు" అంటే జవాబు రావడానికి క్షణం ఆలస్యం. ఈ లోపల ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. డేటా సంగతి అడక్కండి. హైదరాబాదులో 2016 సెప్టెంబరు తరవాత జనం 4జీ మీద ఉచితంగా సినిమాలు చూస్తుంటే, కొండమీద ఒక ఫోటో దిగడానికి పొయ్యిమీద అన్నం ఉడికేది. 3జీ అనే మెట్టు అక్కడ చాలా ఊళ్ళు ఎక్కనే లేదు. 2010 వేలంలో 3జీ తరంగాలకి ప్రభుత్వానికి 67 వేల కోట్లకి పైగా వచ్చాయి. కొన్న కంపెనీలు ఆ డబ్బు రాబట్టుకోవలసింది నగరాల్లో గానీ కొండల మీద కాదు కదా.

దీని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. లేనివాడికి మాట వచ్చినా పండగే. నా ఫిర్యాదు దీని తరవాతి దాని మీద.

2015లో మన రాష్ట్రంలో రేషను షాపులకి వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. వేలు పెడితే ఆ ముద్ర నెట్‌వర్కు మీద ఎక్కడో ఉన్న కంప్యూటరుకి వెళ్ళి, అవునని జవాబు రావాలి. అప్పుడు బియ్యం. పట్నంలో రెండు సెకన్ల పని. కొండమీద? యంత్రం, డీలరు, ముసలమ్మలు, చంకలో పిల్లలున్న ఆడవాళ్ళు, అందరూ సిగ్నలు ఉన్న గట్టు ఎక్కి అక్కడ వేలు పెట్టి, దిగొచ్చి బియ్యం తీసుకునేవారు. తరవాత 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో హాజరు ఫోను యాప్ లోనే వెయ్యాలన్నారు. రోజుకి రెండు ఫోటోలు, పని జరిగే చోటు గుర్తుతో సహా. ఫోటో పైకి ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. ఈ సంగతులు నాకు చిన్నాన్న కూతురు చెప్పింది. అది ఇప్పుడు అదే కొండల్లో ఏఎన్ఎం. టీకాల లెక్కలు, గర్భిణుల లెక్కలు దానికీ టాబులోనే. "అన్నియ్యా, సూది ముందు పొడవాలో సిగ్నలు ముందు వెతకాలో తెలీదు," అంటుంది.

చూశారా వరస? సిగ్నలు రాకముందు, సిగ్నలు లేకపోవడం ఒక కొరత. ఫోను చెయ్యలేరు, అంతే. పని మొత్తం సిగ్నలు మీదకి మార్చాక, అదే కొరత శిక్ష అయింది. బియ్యం ఆగిపోతాయి, కూలి ఆగిపోతుంది. 2015కి ముందు ఆ ముసలమ్మకి బియ్యం కోసం టవరు అక్కర్లేదు.

ఇక నా వాటా. 2016లో ఒక క్లయింటుకి, పేరు చెప్పను, ఊరూరా తిరిగి తనిఖీలు చేసే ఉద్యోగుల కోసం ఒక యాప్ చేశాం. డిజైను నాదే. ఆఫీసు వైఫై మీద అద్భుతంగా నడిచింది. వెస్ట్ వర్జీనియా కొండల్లో తిరిగే ఒక ఉద్యోగి నుంచి ఫిర్యాదు వచ్చింది, రోజంతా నింపిన ఫారాలు సాయంత్రానికి మాయమవుతున్నాయని. నా బల్ల దగ్గర పరీక్షించాను. బాగానే ఉంది. 'ఇక్కడ పునరావృతం కాలేదు' అని రాసి టికెట్టు మూసేశాను. అది మూడోసారి తెరుచుకున్నాక గానీ నాకు తట్టలేదు, ఆయనకి సిగ్నలు లేదని. యాప్‌లో ఫారం ముందు ఫోనులో దాచుకుని, సిగ్నలు దొరికినప్పుడు పంపేలా మార్చడానికి మాకు పట్టింది పదకొండు రోజులు. అంతే పని. సిగ్నలు రాయి మీద నించున్న చిన్నాన్నతో నాలుగేళ్ళు మాట్లాడినవాణ్ణి, అది నాకు ముందే తట్టలేదు. మా వీధిలో నాలుగు గీతలు ఉంటే ప్రపంచమంతా నాలుగు గీతలు ఉన్నట్టే రాశాను.

అమెరికా పటాలూ గొప్పవేం కాదు. 2019 డిసెంబరులో ఎఫ్‌సీసీ సిబ్బంది కొన్ని పెద్ద కంపెనీల కవరేజి పటాలు పట్టుకుని స్వయంగా కార్లలో తిరిగి చూస్తే, పటంలో చెప్పిన కనీస వేగం 62.3 శాతం పరీక్షల్లోనే అందింది. మన పంచాయతీ ఫోను గుర్తొచ్చి నవ్వుకున్నాను.

2021 నవంబరులో ఢిల్లీ మళ్ళీ లెక్క తీసింది. అయిదు రాష్ట్రాల్లోని 44 వెనకబడిన జిల్లాల్లో సెల్ సిగ్నలు లేని గ్రామాలు 7,287. వాటికి 4జీ ఇవ్వడానికి 6,466 కోట్లు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 1,218 ఊళ్ళు. వాటిలో 1,054 అప్పటి విశాఖపట్నం జిల్లావి. ఆ అంకె చూసి కాసేపు ఊరుకున్నాను. సాఫ్ట్‌వేరు కంపెనీలకి స్వాగతం పలికే విశాఖ జిల్లాలో వెయ్యి ఊళ్ళకి ఫోను మోగదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా విడిపోయింది గనక ఆ వెయ్యీ ఇప్పుడు విశాఖ లెక్కలో కనబడవు. అదే నెలలో పాత 2,343 టవర్లనీ 2జీ నుంచి 4జీకి మార్చడానికి అనుమతి వచ్చింది. 2023 జూన్ 15న ముఖ్యమంత్రి వంద కొత్త 4జీ టవర్లని ఒకేసారి ప్రారంభించారు. వాటిలో 85 అల్లూరి జిల్లావే. మాట కోసం కట్టిన రోజులు పోయి, ఈసారి మొదటిరోజు నుంచే డేటా.

2024 జనవరిలో వెళ్ళాను. చిన్నాన్న అప్పటికి రిటైరై నర్సీపట్నంలోనే ఉన్నారు, మోకాళ్ళ నొప్పులు. ఆయన్ని కారెక్కించుకుని, చెల్లెల్ని దాని డ్యూటీ ఊళ్ళో దింపడానికి బయల్దేరాం. ఘాట్ మలుపులో రాయి కోసం చూశాం. దాని పక్కన టీ కొట్టు వెలిసింది. హైదరాబాదు కుర్రాళ్ళు రాతిమీద నించుని వీడియో కాల్లో ఎవరికో మంచు చూపిస్తున్నారు. చిన్నాన్న కారు దిగలేదు. అద్దం దించి చూసి, "పోనీ" అన్నారు.

చింతపల్లి దాటి ఇంకా లోపలికి వెళ్ళాక ఒక ఊరి చివర కొత్త టవరు. తెల్లటి రంగు, చుట్టూ కంచె, ఇంకా తుప్పు పట్టని బోల్టులు. నా ఫోనులో నాలుగు గీతలు. మా ఆవిడకి వర్జీనియాకి ఫోను చేస్తే పక్కగదిలోంచి మాట్లాడినట్టు వినిపించింది. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని బెంగుళూరులో కూలికెళ్ళిన కొడుకుతో వీడియోలో మాట్లాడుతున్నాడు. మాటలు తక్కువ, ఊరికే ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. ఆ వేగం ఎంతుందా అని, వృత్తి దోషం కొద్దీ, కొలిచాను. మా ఆఫీసు లిఫ్టులో దొరికేదానికన్నా ఎక్కువ. పొద్దు గుంకాక మాత్రం గీతలు నాలుగూ ఉన్నాయి, పేజీ ఒక్కటీ రాలేదు. "రాత్రి కరెంటు పోతే అంతే. మళ్ళీ తెల్లారాక," అంది చెల్లెలు, చాలా మామూలుగా.

దాని డ్యూటీ ఆ ఊరితో అయిపోదు. లెక్కల్లో అది ఒకటే గ్రామం, జనాభా లెక్కల పుస్తకంలో ఒకటే పేరు. నేల మీద ఆరు గూడేలు. మూడు టవరుకి ఎదురుగా, మూడు గట్టుకి అవతల. గట్టుకి అవతల నా ఫోను మళ్ళీ 2003లోకి వెళ్ళిపోయింది. పటంలో మాత్రం ఆ ఆరూ సిగ్నలు కల గ్రామమే. ఆ మూడు గూడేల పిల్లల లెక్కలు పంపడానికి చెల్లెలు గట్టు ఎక్కుతుంది. పైన ఒక బండ ఉంది. నన్ను తీసికెళ్ళి చూపించింది. బండ మీద ఎవరో సున్నంతో సెల్ ఫోను బొమ్మ గీశారు. చిన్నాన్న రాతికీ దీనికీ మధ్య ఎంత దూరమో కారు మీటరు చూసుకున్నాను. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు, ఇరవై ఏళ్ళు.

దాని టాబులో యాప్ సంగతి కూడా చూశాను. సిగ్నలు లేకపోతే నింపింది దాచుకుంటుంది. ఎవరో ఆలోచించారు. కాకపోతే యాభై పేర్లు దాటితే పాతవి పోతున్నాయట. అందుకని అది ఇప్పటికీ ఒక రూళ్ళ పుస్తకంలో అన్నీ రాసుకుంటుంది. తిరిగి వచ్చాక ఆ యాప్ తయారు చేసినవాళ్ళకి, వాళ్ళెవరో కనుక్కుని, పొరపాటు ఎక్కడుందో వివరంగా రాశాను. ఒక నంబరు ఇచ్చారు. టికెట్టు ఇంకా తెరిచే ఉంది.

మొన్న వేసవిలో చెల్లెలు ఒక ఫోటో పంపింది. గట్టుకి అవతల, మూడు గూడేల మధ్య, నలుచదరంగా తవ్విన గుంత, పక్కన ఇనప ఊచలు. "అన్నియ్యా, టవరుకి గుంత తీసేరు" అని రాసింది. అది పంపింది సోమవారం పొద్దున్న. నాకు చేరింది బుధవారం రాత్రి.